పెట్టె పక్కన నిలబడ్డ రాక్షసుడు

స్పేస్ ఇన్వేడర్స్ అనే వీడియో ఆట పెట్టె పక్కపలకల మీద రాక్షసులుంటారు. ఒంటినిండా బొచ్చు, మనిషిలాంటి ఆకారం, మీద పడబోతున్న వాలకం. నాణెం వేసి ఆట మొదలుపెట్టాక మాత్రం వాళ్లు తెరమీద ఎక్కడా కనిపించరు. అక్కడ ఉండేవి చుక్కలు పేర్చి చేసిన పీతలు, ఆక్టోపస్‌లు, స్క్విడ్‌లు. వరుసకు 11 చొప్పున 5 వరుసలు, మొత్తం 55 మంది శత్రువులు.

ఎందుకిలా జరిగిందో ఆ ఆటను తయారుచేసిన తొమొహిరో నిషికాడోనే చెప్పారు. జపాన్‌లోని తైతో కంపెనీలో ఆయన దాన్ని రూపొందిస్తున్నప్పుడు పెట్టుకున్న పేరు స్పేస్ మాన్‌స్టర్స్, అంటే అంతరిక్ష రాక్షసులు. తర్వాత పైవాళ్లు పేరు మార్చారు. పెట్టెకు బొమ్మ వేసిన చిత్రకారుడు తెరను చూడకుండా, ఆ మొదటి పేరునే పట్టుకుని గీశాడని ఆయన అభిప్రాయం. 1978లో ఆట బయటికొచ్చింది. రాక్షసులు పెట్టెమీదే ఉండిపోయారు.

దీన్ని పొరపాటు అని కొట్టిపారేస్తే నేను ఒప్పుకోను. ఆ తెర సత్తా ఎంతో ఒకసారి చూడండి. నలుపు తెలుపు తప్ప రంగు లేదు. కనిపించే ఆకుపచ్చ, నారింజ రంగులు తెరకు అంటించిన సెల్లోఫేన్ పట్టీలవి. అమెరికాలో మిడ్‌వే కంపెనీ అమ్మిన నిలువు పెట్టెలో ఆటగాడు తెరను నేరుగా చూడడు కూడా. లోపల కింద అమర్చిన తెర వెలుగు, ఏటవాలుగా పెట్టిన అద్దంలో పడుతుంది. ఆ అద్దం గుండా వెనకున్న చంద్రమండలం కనిపిస్తుంది. ఆ చంద్రమండలం రంగులు వేసిన బొమ్మ! గుంతలు పడ్డ నేల మీదుగా శత్రువులు గాలిలో తేలుతూ దిగివస్తున్నట్టు ఉంటుంది. ఆటలో సగం చిప్పు ఆడిస్తే సగం కుంచె ఆడించింది. సినిమా హాలు ముందు చేత్తో వేసిన పెద్ద హోర్డింగును మెడ వెనక్కి వాల్చి చూసి, లోపలికి వెళ్లకముందే సగం కథ అల్లుకున్నవాళ్లకు ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు.

ఆ ఆటలో ఇలాంటిదే మరొకటి ఉంది. 55 బొమ్మల్ని ఒకేసారి కదిలించడం ఆనాటి ప్రాసెసర్‌కు భారం. శత్రువులు చచ్చేకొద్దీ భారం తగ్గి, మిగిలినవాళ్లు వేగం పుంజుకుంటారు. దిగుతూ మోగే నాలుగు స్వరాలూ వాళ్లతోపాటే తరుముకొస్తాయి. నిషికాడో దాన్ని సరిచేయలేదు, ఉండనిచ్చారు. చివరి ఒక్కడు తెరకు అడ్డంగా పరుగెడుతుంటే చేతులకు చెమటలు పట్టేది అందుకే. యంత్రం చేతకానితనం ఆటకు రుచి అయినట్టే, చిత్రకారుడి ఊహ ఆటకు ముఖం అయింది.

ఇప్పుడు ఈ ఆట ఫోన్‌లోనూ దొరుకుతుంది. చిప్పులోని ప్రోగ్రాంను అక్షరం పొల్లుపోకుండా భద్రపరిచారు. న్యూయార్క్‌లోని మోమా మ్యూజియం 2013లో ఈ ఆటను తన సేకరణలో చేర్చుకుంది. సంతోషమే. కాని ప్రోగ్రాంకు నకలు తీయడం తేలిక, పెట్టెకు నకలు తీయడం కష్టం. ఆర్కేడ్‌ల (ఇలాంటి ఆట పెట్టెలుండే హాళ్ల) యజమానులు గిరాకీ తగ్గిన పాత పెట్టెల్లో కొత్త ఆటలు బిగించి, పక్కలకు కొత్త రంగులు కొట్టించేవాళ్లు. వ్యాపారానికి అది సబబే కావచ్చు, ఆ రంగు కింద పడినవి మాత్రం మళ్లీ రాని బొమ్మలు. అద్దం, చంద్రుడు, రాక్షసుడు లేకుండా ప్రోగ్రాం ఒక్కటే దాచి, ఆటను దాచామని చెప్పుకోవడం తప్పు.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి నయాగరా చూసి వచ్చే మనవాళ్లు చాలామంది ఉన్నారు. దారిలో రోచెస్టర్‌లో స్ట్రాంగ్ మ్యూజియం ఉంది. పాత ఆర్కేడ్ యంత్రాలను అక్కడ పెట్టెలతో సహా కాపాడుతున్నారు. స్పేస్ ఇన్వేడర్స్‌ను 2016లో తమ వీడియో గేమ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నదీ వాళ్లే. అక్కడే కాదు, ఎక్కడైనా ఆ నిలువు పెట్టె ఎదురైతే మనవడికి నాణెం ఇచ్చేముందు ఒకసారి పక్కకు తీసుకెళ్లి ఆ రాక్షసుణ్ణి చూపించండి.