అందిన ద్రాక్ష

“అందని ద్రాక్షపళ్లు పుల్లన” అన్న సామెతకు ఇరవై ఏళ్లుగా తరగతిలో అర్థం చెబుతున్నాను. చేతికందిన ద్రాక్ష కూడా పుల్లగా ఉండవచ్చునని మాత్రం మా బావగారి తోటలోనే తెలిసింది.

వికారాబాద్ వైపు ఆయనకు ఎకరం ద్రాక్షపందిరి ఉంది. వేసింది అనాబె షాహీ. అనాబ్ అంటే ద్రాక్ష, షాహీ అంటే రాచది. పేరుకే రాచరికం, పెంచేవాడిది వట్టి చాకిరీ. వేసవి మొదట్లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి తీగ కత్తిరించాలి. ఆ రెండో కత్తిరింపు మీదనే పూతా, పిందే. బూజు తెగులు సోకకుండా మైలుతుత్తం, సున్నం కలిపిన నీళ్లు చల్లుతూ ఉండాలి. ఇంతా చేస్తే మార్చి నాటికి గుత్తులు పండుతాయి.

2023లో ఉగాది మార్చి 22న వచ్చింది. పండుగకు కోత అనుకున్నారు. వారం ముందు నేను వెళ్లేసరికి అక్కయ్యా, బావగారూ పందిరి కింద వాదులాడుకుంటున్నారు. వడగళ్లవాన రావచ్చునని సెల్‌ఫోనులో కబురు. తీపి కొలిచే పరికరంలో రసం చుక్క వేస్తే 12 చూపింది. 15 అయినా రావాలిట.

“కోసి ఇంట్లో పెడితే మాగదూ?” అన్నాను, అన్నీ తెలిసినవాడిలాగా.

బావగారు నవ్వలేదు. “మామిడికాయ మాగుతుందోయ్ మాస్టారూ, అరటిగెల మాగుతుంది. ద్రాక్ష మాగదు. తీగ మీద ఎంత తీపో అంతే.”

పోనీ ఉంచుదామంటే, వాననీరు తాగి పండు ఉబ్బుతుంది. తొక్క సాగలేక పగులుతుంది. పగిలిన పండుకు పట్టిన బూజు గుత్తినంతా తినేస్తుంది.

“పులుపుకాయ బజారుకు పట్టుకెళ్లి పేరు చెడగొట్టుకోనా?” అన్నారాయన.

“అప్పిచ్చినవాడు పండు తీపి అడగడు. సగం కోద్దాం, సగం దేవుడికి వదులుదాం,” అంది అక్కయ్య.

సాయంత్రం దాకా కోశాం. పండు మీది తెల్లని పొడి చెరగకుండా కాడ పట్టుకుని కోయాలని నాకు పదిసార్లు చెప్పారు. మర్నాటి రాత్రి ఈదురుగాలి, ఆ వెంటనే వడగళ్లు. అంతా కలిపి పావుగంట. తెల్లవారి చూస్తే దేవుడికి వదిలిన సగం నేలమీద ఉంది. ఆకులు చిల్లులు పడ్డాయి. కొమ్మల మీద గాయాలు. బావగారు పళ్లకేసి చూడలేదు. ఒక్కొక్క కొమ్మనే తడిమి చూశారు. వచ్చే ఏటి ఆశంతా వాటిలో ఉంది మరి.

కోసిన సగానికి సగం ధరే పలికింది. అప్పు సగం తీరింది.

ఉగాదినాడు అక్కయ్య పచ్చడిలో మామిడిముక్కలతోపాటు ఆ ద్రాక్షలు కూడా వేసింది. బావగారు నోట్లో వేసుకుని, “పులుపు సరిపోయిందే!” అన్నారు. అందరం నవ్వాం. భోజనం కాగానే ఆయన కత్తెరకు సాన పట్టడానికి కూర్చున్నారు. వేసవి కత్తిరింపు దగ్గర పడింది.

ఇన్నాళ్లూ ఆ సామెత అర్థం నక్కతోనే ముగించేవాణ్ణి. ఇప్పుడు ఆ పందిరి వేసినవాడి సంగతి కూడా చెబుతున్నాను.