డెత్ కార్డు వచ్చిందా? ఒక్కసారి కాటి సీను గుర్తు చేసుకోండి

మొన్న రాత్రి రెండింటికి ఫోన్ మోగింది. ఒక చెల్లి మెసేజ్. "అక్కా, యాప్‌లో కార్డు తీస్తే డెత్ వచ్చింది. నాలుగోసారి కూడా పరీక్ష పోయింది. నాకేమన్నా అవుతుందా?"

ముందు సూటిగా చెప్పేస్తా. ఏమీ కాదు. ఫోన్‌లోని ప్రోగ్రామ్ 78 కార్డుల్లోంచి ఒకటి తీసి చూపించింది, అంతే. అసలు ఈ కార్డులు 15వ శతాబ్దంలో ఇటలీ వాళ్లు పేకాట కోసం వేయించుకున్నవి. వీటితో జాతకాలు చెప్పడం బాగా పాకింది 18వ శతాబ్దం చివర్లో, ఫ్రాన్స్‌లో. మరి ప్రతి వారం నువ్వెందుకు రాస్తున్నావంటారా? రేపు ఏం జరుగుతుందో కార్డు చెప్పదు. కానీ ఇవాళ మనం దేన్ని చూడకుండా తప్పించుకుంటున్నామో అడుగుతుంది. నాకు అది చాలు.

ఇప్పుడు కార్డు చూడండి. నంబరు 13. మనం ఎక్కువగా చూసేది 1909లో పమేలా కోల్‌మన్ స్మిత్ గీసిన బొమ్మ. తెల్ల గుర్రం మీద కవచం తొడుక్కున్న అస్థిపంజరం. చేతిలో నల్ల జెండా, దాని మీద తెల్ల పువ్వు. కింద ఒక రాజు పడి ఉన్నాడు, కిరీటం దొర్లిపోయింది. మతగురువు చేతులు జోడించాడు. ఒక అమ్మాయి మొహం తిప్పేసుకుంది. పసివాడు మాత్రం మోకాళ్ల మీద కూర్చుని కళ్లెత్తి చూస్తున్నాడు. రాజైనా పసివాడైనా గుర్రానికి ఒక్కటే.

ఈ బొమ్మ మొదటిసారి చూసినప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు. ఎందుకంటే చిన్నప్పుడు నాయనమ్మ ఒళ్లో కూర్చుని ఇదే సీను చూశాను. మాది ఎర్రుపాలెం. పక్కనే జమలాపురం వెంకన్న గుడి. మా చుట్టుపక్కల ఊళ్లల్లో పద్య నాటకం అంటే తెల్లవార్లూ జాగారమే. హరిశ్చంద్ర కాటి సీను వచ్చేసరికి నిద్రపోతున్న పిల్లల్ని కూడా తట్టి లేపేవాళ్లు.

బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకం అది. అయితే ఆ సీన్‌లో జనం "వన్స్ మోర్" అని అరిచే శ్మశానం పద్యాలు ఆయనవి కావు. గుర్రం జాషువా (1895–1971) రాసినవి. నటులు వాటిని తెచ్చి నాటకంలో కలుపుకున్నారు. రాజు, కవి, పేదవాడు, పసిబిడ్డ, అందరూ అక్కడ ఒకే మట్టి. మన 13వ నంబరు కార్డు గీసిన మాటే ఇది.

కార్డు కథ అక్కడితో ఆగిపోతుంది. నాటకం ఆగదు. రాజ్యం పోయింది, ఆలిని అమ్మేశాడు, తనని తాను అమ్ముకుని కాటికాపరి అయ్యాడు. ఆ రాత్రి చంద్రమతి పాము కరిచి చనిపోయిన కొడుకుని ఎత్తుకుని వస్తుంది. ఆమె ఎవరో తెలియక హరిశ్చంద్రుడు కాటి సుంకం కట్టమంటాడు. నా దగ్గర ఏమీ లేదంటుంది. "మెడలో మంగళసూత్రం ఉందిగా, అది అమ్మి కట్టు" అంటాడు. ఆమె నిలువునా అదిరిపోతుంది. ఆ తాళి భర్తకి తప్ప ఇంకెవరికీ కనపడదు!

ఏమీ లేదు అనుకున్న మనిషి దగ్గర ఇంకా ఏదో ఉంది. దగ్గరివాళ్లకే కనపడింది.

నాకు ఈ కార్డు వచ్చింది నాన్న పోయిన నాలుగో నెలలో. స్టేషన్ దగ్గర చిన్న కిరాణా కొట్టు ఆయనది. నష్టం వస్తోందని తెలిసినా నేను షట్టర్ తీస్తూనే ఉన్నా. మూసేస్తే నాన్న మళ్లీ పోయినట్టు అనిపించేది. కార్డు చూసి భయపడి మొత్తం కట్ట మంచం కిందకి విసిరేశా. నాయనమ్మ వంగి ఏరుతూ "ఏందే పిల్లా ఈ బొమ్మ? కాటి సీనా?" అంది. నేను ఏడుస్తూ చెప్పా, కొట్టు పోతే నాన్నది ఇంకేం మిగలదని. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఖాతా పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. "నీ చేతిరాత మీ నాయనదే. లెక్క తప్పకపోవటం ఆయనదే. కొట్టు మూస్తే ఇవి పోతయ్యా?"

ఆ నెలాఖరున కొట్టు మూసేశా. ఇప్పుడు మధిరలో ఒక షాపులో లెక్కలు రాస్తున్నా. "ముగింపు తర్వాత కొత్త ఆరంభం" అని టారో వాళ్లు ఊరికే అనేస్తుంటారు. నాకు ఆ మాట నచ్చదు. నాటకం చివర్లో దేవతలు దిగొచ్చి లోహితాస్యుణ్ణి బతికిస్తారు. మా నాన్న కోసం ఎవరూ దిగిరాలేదు. పోయింది పోయినట్టే. కానీ పోనిది కూడా ఒకటి ఉంది, అది నాకు నేనుగా కనపడలేదు.

చెల్లీ, ఇప్పుడు నీకు. నాలుగు ప్రయత్నాలూ పోయాయి, అది నిజం. ఐదోసారి రాయాలా వద్దా అన్నది కార్డు చెప్పదు, నేనూ చెప్పను. ఈ వారం ఒక్క పని చెయ్. నిన్ను బాగా ఎరిగినవాళ్లని ఒకరిని, అమ్మైనా ఫ్రెండైనా సరే, పట్టుకుని అడుగు: "ఇంత జరిగినా నాలో పోనిది ఏంటి?" వాళ్లు చెప్పింది ఫోన్ నోట్స్‌లో రాసుకో. రాత్రి రెండింటికి భయమేస్తే యాప్ తెరవకు, వాళ్లకే ఫోన్ చెయ్. నిద్ర లేపావని తిట్టుకున్నా ఫర్వాలేదు.

వచ్చే వారం టవర్ కార్డు. దానికీ ఒక నాటకం ఉంది, నాయనమ్మని అడిగి వస్తా.