నామానికి వాద్యభేదం లేదు

ఆ మధ్య ఒక సాయంత్రం హారతి ముగిసిన వేళ, మా ఓరుగల్లు భక్తులలో ఒక పెద్దాయన ఇంజనీరింగు చదువుతున్న మనవణ్ణి వెంటబెట్టుకుని ఆలయానికి వచ్చారు. "అయ్యగారూ, వీడు గురుశ్లోకాన్ని గిటార్ల మోతలో వింటున్నాడు. ఇది అపచారం కాదా?" అని అడిగారు. ఆ పిల్లవాడి ఫోనులో నేనూ విన్నాను.

అది జార్జి హారిసన్ పాడిన 'మై స్వీట్ లార్డ్'. బీటిల్స్ బృందంలో గిటారు వాయించిన హారిసన్, పండిత రవిశంకర్ వద్ద సితారు అభ్యసించి, హరినామ సంకీర్తనకు ఆకర్షితులైనవారు. 1970లో వెలువడిన ఈ పాట అమెరికా, బ్రిటన్ దేశాలు రెండింటిలోనూ ప్రథమ స్థానాన్ని అందుకున్నది. భగవంతుణ్ణి దర్శించాలన్న ఆర్తియే అందులోని విషయం. వంతపాడేవారు క్రైస్తవుల 'హల్లెలూయా'తో ఆరంభించి, క్రమంగా హరే కృష్ణ మహామంత్రంలోకి, ఆపై 'గురుర్బ్రహ్మ' శ్లోకంలోకి వస్తారు. ఆ రెండు స్తుతుల భావం ఒక్కటేనన్నది హారిసన్ అభిప్రాయం.

మరి ఇది అపచారమా? ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించాలి. వేదమంత్రానికి ఉదాత్తాది స్వరాలే ప్రాణం. స్వరం తప్పినందువల్లనే త్వష్ట చేసిన యాగం అతని కుమారుడైన వృత్రునికే మృత్యుహేతువైనదని పెద్దలు చెబుతారు. కనుక వేదాన్ని మన ఇష్టం వచ్చిన వరుసలో పాడరాదు. ఈ మాటలో నాకు రాజీ లేదు. భగవన్నామం సంగతి వేరు. దానికి దేశకాల నియమం లేదు, అధికారి భేదం లేదు. కుమారుణ్ణి పిలుస్తూ 'నారాయణా' అన్న అజామిళుణ్ణే ఆ నామం ఉద్ధరించినది. గురుశ్లోకం స్తోత్రమే గాని వేదమంత్రం కాదు.

పరదేశపు వరుసలు మన భక్తికి కొత్తవీ కావు. ముత్తుస్వామి దీక్షితులవారు ఆంగ్లేయుల బ్యాండు వరుసలకు సంస్కృత స్తుతులు కూర్చారు. వారి 'సంతతం పాహిమాం' ఆంగ్లేయుల రాజగీతం వరుసలోనే నడుస్తుంది. నేడు మన కచేరీలకు ప్రాణమైన వయొలిన్ సైతం పడమటినుండి వచ్చినదే కదా!

అయితే భక్తి లేక, వినోదానికి మాత్రమే దైవనామాన్ని వాడుకొనడం తగదు. అది గిటారుతో చేసినా తప్పే, మృదంగంతో చేసినా తప్పే.

ఆ పిల్లవాణ్ణి శ్లోకం చెప్పమన్నాను. తడబడకుండా చెప్పాడు, అర్థమూ వివరించాడు. "ఎవరు నేర్పారు నాయనా?" అంటే, "ఈ పాట విన్నాకే నేర్చుకున్నాను. ఇంట్లో ఎవరూ చెప్పలేదండీ" అన్నాడు. పెద్దాయన తల వంచుకున్నారు.

పాఠక మహాశయులారా! నామం సముద్రాలు దాటి వెళ్లినందుకు చింతించకండి. మన ఇంటి దీపం ముందు అది వినబడుతున్నదా అని విచారించండి. ఈ సాయంత్రమే పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క శ్లోకం నేర్పండి. ఆ పెద్దాయన ఇప్పుడు అదే చేస్తున్నారు.