తివాచీ తడిస్తే...
సూరత్ పక్కన అద్దకం మిల్లుల ఊరు పల్సానాలో వానాకాలమొస్తే పొమరేనియన్ పిల్ల గడప దాటనంటుంది. హాల్లో తివాచీ ఉందిగా! మెత్తగా, తడిని పీల్చుకునే చోటు దానికి గడ్డితో సమానం. తిట్టి, ముక్కు పట్టి రుద్దితే అది నేర్చేది ఒక్కటే: మీ కంట పడకుండా సోఫా వెనక కానివ్వడం.

2 నెలల పిల్ల పగలు 2, 3 గంటలకు మించి ఆపుకోలేదు. నిద్ర లేవగానే, తిన్న కాసేపటికి, ఆట ముగియగానే బయటికి తీసుకెళ్లండి, వానైతే గొడుగు పట్టుకునైనా. పని కాగానే అక్కడే బిస్కెట్ ముక్క పెట్టండి. ఇంటికొచ్చాక పెడితే దేనికిచ్చారో దానికి తెలీదు.

ఫినాయిల్ వద్దు, పాదాలు నాకే పిల్లకు ప్రమాదం. అమ్మోనియా కలిసినవీ వద్దు, వాటిది మూత్రం వాసనే. ఎంజైమ్ క్లీనర్ వాడండి. అలవాటు పడ్డ కుక్క హఠాత్తుగా మళ్లీ తివాచీ తడిపితే మొండితనం అనుకోకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ కావచ్చు. వీధిలో వదిలేద్దామనుకునే ముందు పశువైద్యుడికి చూపించండి.