ఏబదియవ యేట భారము దించినవాడు ఓడినవాడా?



మన సంఘములలో ఒక వింత తూనికరాయి వాడుకలో నున్నది. ఒకని కుమారుడు ఉద్యోగములో పై మెట్టు ఎక్కినయెడల ఆదివారమున కృతజ్ఞతార్పణ తెచ్చుచున్నాము, అందరియెదుట పేరు చదువుచున్నాము, చేతులెత్తి ప్రార్థించుచున్నాము. మంచిదే. అయితే ఇంకను పది యేండ్ల సర్వీసు మిగిలియుండగా, జీతము సక్రమముగా వచ్చుచుండగా, ఒకడు తనంతట తానే ఆ ఉద్యోగము విడిచి ఇంటికి వచ్చినయెడల, వాని నిమిత్తము కృతజ్ఞతార్పణ తెచ్చినవారిని నేనెన్నడును చూడలేదు. వానిగూర్చి గుసగుసలే వినబడును. “పైవాళ్లతో పడలేదేమో!” “ఏదో కేసు అయ్యుంటుంది.” “లోపల జబ్బేమైనా ఉందేమో, బయటికి చెప్పుకోవడం లేదు.” ఎక్కినవాడు దీవెన పొందినవాడు, దిగినవాడు దెబ్బ తిన్నవాడు. ఇదియే మన లెక్క. ఈ లెక్క తప్పని చెప్పుటకే ఈ మాటలు వ్రాయుచున్నాను.

నేనెరిగిన ఒక హైస్కూలు ఉపాధ్యాయుడు తన 52వ యేట స్వచ్ఛంద పదవీ విరమణకు దరఖాస్తు పెట్టెను. 20 ఏండ్ల సర్వీసు నిండినవాడు మూడు నెలలు ముందుగా నోటీసిచ్చి మానుకొనవచ్చునని ప్రభుత్వ నియమములలోనే యున్నది. అతని పిల్లల చదువులు ముగిసెను. అప్పు లేదు. పాత పద్ధతి పింఛను కలదు. ఊరిలో తండ్రి మంచము పట్టియుండెను. తల్లికి చూపు తగ్గెను. అతడు వచ్చి వారియొద్ద కాపురముండెను; సాయంకాలములందు పల్లె పిల్లలకు లెక్కలు చెప్పుచుండెను. ఒక సంఘపెద్ద అతని కలిసికొని, “మాస్టారూ, ఇంకో పదేళ్లు చేసివుంటే హెడ్మాస్టరై దిగేవారు గదా! తొందరపడ్డారండీ” అనెను. అతడు నెమ్మదిగా, “మా నాయన ఇంకో పదేళ్లు ఆగుతాడా అండీ?” అని అడిగెను. ఆ పెద్దయొద్ద జవాబు లేకపోయెను. చదువరీ, నీయొద్ద నున్నదా?

ఉద్యోగ విరమణ వయస్సు అను అంకెను మనము దైవనిర్ణయము వలె ఎంచుచున్నాము. దాని కథ కొంచెము వినుము. జర్మనీ దేశములో 1889వ సంవత్సరమున వృద్ధాప్యపు పింఛను చట్టము చేసినప్పుడు 70 ఏండ్లు నిండినవారికి అనిరి. 1916లో దానిని 65కు తగ్గించిరి. మన కేంద్ర ప్రభుత్వము 1962లో 55ను 58 చేసెను, 1998లో 60 చేసెను. ఆంధ్ర రాష్ట్రములో 1983లో 58ని 55కు దించగా ఉద్యోగులలో గొప్ప అలజడి పుట్టెను. కొంత కాలమునకు మరల 58 ఆయెను. రాష్ట్రము రెండైన పిమ్మట ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 60, 2022లో 62 ఆయెను; తెలంగాణలో 2021లో 61 ఆయెను. పాలకులు మారినను, ఖజానా స్థితి మారినను, ఈ అంకె పైకిని క్రిందికిని పోవుచున్నది. ఇట్లు జరుగు అంకెచేత ఒక మనుష్యుని బ్రదుకు నెగ్గినదో ఓడినదో తూచుట ఏమి న్యాయము? ఈ అంకె సీనాయియొద్ద ఇయ్యబడినది కాదు.

సీనాయి అరణ్యములో ఇయ్యబడిన అంకె వేరొకటి కలదు. దానిని మనము చదివియు విడిచిపెట్టుచున్నాము. సంఖ్యాకాండము 8వ అధ్యాయము చివర చూడుము. లేవీయుడు 25వ యేట ప్రత్యక్షపు గుడారపు సేవలో ప్రవేశింపవలెను. 50వ యేట ఆ పని మానవలెను. 4వ అధ్యాయములో మోయువారి జనసంఖ్యయు 50 యొద్దనే ఆగుచున్నది. ఆ సేవ సామాన్యమైనది కాదు. గుడారము విప్పవలెను, పలకలును స్తంభములును ఎత్తవలెను. కహాతీయులు పరిశుద్ధ ఉపకరణములను భుజములమీద మోయవలెను. అంత పవిత్రమైన పనికే దేవుడు హద్దు పెట్టెను. ఏబది నిండినవాడు నేరము చేసినందున దిగలేదు, చేతకానివాడని తోసివేయబడలేదు. దిగుటయే ఆజ్ఞ. దిగిన తరువాత వాడు గుడారమునకు దూరముగా పోయి కూర్చుండలేదు. కాపు కాచుటలో తన సహోదరులకు తోడ్పడవలెను. బరువు మాత్రము పడుచువాని భుజము మీదికి మారెను.

ఇందులో రెండు సంగతులు గమనింపుము. మొదటిది, దిగుట అవమానము కాదు. రెండవది, దిగుట సోమరితనమునకు సెలవు కాదు. మనము మొదటిదానిని మరచితిమి. లోకము రెండవదానిని మరచినది.

నీవు ఇట్లు అడుగవచ్చును: “అయ్యగారూ, కష్టపడేవాణ్ణి మానుకొమ్మంటారా? విస్తారమైన పంట చూచుకొని తిని త్రాగి సుఖపడుదుననుకొన్న ధనవంతుణ్ణి ప్రభువు వెఱ్ఱివాడన్నాడు గదా?” మంచి ప్రశ్న. లూకా 12వ అధ్యాయములోని ఆ మనుష్యుడు పని మానదలచినందుకు వెఱ్ఱివాడు కాలేదు. అతని ఆలోచన అంతటిలో “నా పంట, నా కొట్లు, నా ధాన్యము” అనుటయే గాని పొరుగువాడు ఒక్కడైనను లేడు, దేవుడును లేడు. చాలునని అతడెన్నడు అనుకొనెను? ఉన్న కొట్లు పడగొట్టి ఇంకను పెద్దవి కట్టిన తరువాత! నేడు అదే జరుగుచున్నది. ఒక ఇల్లు చాలును అనినవాడు పట్నములో రెండవది కొనిన తరువాత మానుదుననును. రెండవది కొనినవాడు కుమార్తె పెండ్లి ఊరంతయు చెప్పుకొనునట్లు చేసిన తరువాత మానుదుననును. కొట్లు పెరుగుచుండును, ఆ దినము వెనుకకు జరుగుచుండును. కాబట్టి ఆ ఉపమానము ముందుగా దిగినవానిమీద చెప్పబడినది కాదు. చాలునని చెప్పలేనివానిమీదను, చాలిన తరువాత తనకొరకే బ్రదుకువానిమీదను చెప్పబడినది.

ఇంకొక మాట చెప్పెదను, కోపపడకుము. మార్కు 7వ అధ్యాయములో కొర్బాను అను సంగతి యున్నది. తలిదండ్రులకు చెందవలసినదానిని దేవునికి అర్పితమని చెప్పి వారికి ఎగగొట్టు ఉపాయమది. ప్రభువు దానిని తీవ్రముగా గద్దించెను. నేటి కొర్బాను పేరు సర్వీసు. “లీవు లేదమ్మా, ఇన్‌స్పెక్షను ఉంది, వచ్చే పండక్కి చూస్తాను.” “రిటైరైన తర్వాత మీ దగ్గరే ఉంటా నాన్నా.” కుమారుడు 62వ యేట దిగువేళకు తండ్రికి 85 దాటును. ఎందరు తండ్రులు అంతవరకు ఉందురు? డబ్బు పంపుట మంచిదే. మందులకు అది కావలెను. కాని రాత్రివేళ దాహమైనప్పుడు డబ్బు లేచి నీళ్లియ్యదు.

“ఇది నెల జీతగాండ్ర మాట, కూలి చేసుకొను మాకెందుకు?” అని కొందరందురు. నిజమే, నాట్లు వేయు తల్లికి విరమణ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 60 నిండిన పేదకు 2024 జూలై నుండి నెలకు 4,000 రూపాయల పింఛను ఇచ్చుచున్నారు. నేతగానికిని, గీతకార్మికునికిని, మత్స్యకారునికిని 50 ఏండ్లకే అర్హత యున్నది. ఆ శ్రమలు దేహమును ఎంత త్వరగా అరుగదీయునో ప్రభుత్వమునకే తెలియును. అయినను ఈ మాట మీకును చెందును. ఏలయనగా ఆ తూనికరాయిని పిల్లలచేతికి ఇచ్చుచున్నది మనమే. అరెకరము అమ్మి కోచింగుకు పంపునప్పుడు ఏమి చెప్పుచున్నాము? “పెద్ద ఆఫీసరువై రా” అనుచున్నాము గాని, “చాలినంత సంపాదించుకొని మనుష్యుడవై రా” అనుట లేదు. తప్పిన పిల్లవాడు తలెత్తుకొనలేకపోవుచున్నాడు. నెగ్గిన పిల్లవాడు తిరిగి రాలేకపోవుచున్నాడు. ఇద్దరికిని ఆ రాయి తగిలినది.

అందరును రేపే రాజీనామా వ్రాయవలెనని నేను చెప్పుట లేదు. గోపురము కట్టగోరువాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనని ప్రభువు బోధించెను గదా. అప్పు తీరనివాడు, పిల్లల చదువు ముగియనివాడు, తనమీద ఆధారపడిన తోబుట్టువు గలవాడు దిగినయెడల ఆ బరువు భార్యమీద పడును. అది భక్తి కాదు. 2004 సెప్టెంబరు 1 నుండి ఆంధ్రలో చేరిన ఉద్యోగులను సి.పి.ఎస్. అను భాగస్వామ్య పింఛను క్రింద చేర్చిరి. అట్టివారు పాత పింఛను వారిని చూచి తొందరపడరాదు. తమ ఖాతాలో ఎంత కూడినదో, నెలకు ఎంత వచ్చునో ముందుగా తెలిసికొనవలెను. భార్యతో కూర్చుండి, కాగితముమీద వ్రాసి, ప్రార్థించి తీర్మానించుకొనవలెను. లెక్క చాలకపోయినయెడల ఉద్యోగములోనే నమ్మకముగా నుండవలెను, అదియు సేవయే. నా వాదము ఒక్కటే: లెక్క చాలినవానిని ఇంకను కట్టివేయుచున్నది ఆకలి కాదు, నలుగురు ఏమందురో అను భయము. ఆ నలుగురు మనమే.

మన సంఘములలో ఈ రోగము ఇంకను ముదిరియున్నది. ముప్పది యేండ్లుగా ఒక్కరే కార్యదర్శి, ఒక్కరే కోశాధికారి, పెట్టె తాళపుచెవి ఒక్కరి మొలలోనే. యౌవనులు వెనుక బల్లమీద కూర్చుండి నెరసిపోవుచున్నారు. సమూయేలు నాయకత్వము అప్పగించినప్పుడు జనులయెదుట నిలిచి, నేనెవనియొద్ద ఏమి తీసికొంటినో చెప్పుడని తన లెక్క ఒప్పగించెను. వారికొరకు ప్రార్థించుట మానననియు చెప్పెను. దిగుట అట్లుండవలెను: లెక్క శుభ్రము, చేతులు ఖాళీ, ప్రార్థన నిలకడ. మా కాపరులకును ఈ మాట వర్తించును. నేనును ఏబది దాటినవాడనే.

కాబట్టి ప్రియ సహోదరులారా, మీ గ్రామమునకు ఒకడు నిండు సర్వీసు విడిచి తిరిగి వచ్చినయెడల, “ఏమి జరిగింది?” అని అడుగకుడి. “ఎవరికొరకు వచ్చితివి?” అని అడుగుడి. అతడు తన సుఖము మాత్రమే చెప్పినయెడల ప్రేమతో బుద్ధి చెప్పుడి. తల్లిని, తండ్రిని, పల్లె పిల్లలను, తన స్థలమునకు ఎదురుచూచు పడుచువానిని చూపినయెడల, సంఘము ముందుకు పిలిచి అతనికొరకు దేవుని స్తుతించుడి. అరణ్యములో ఏబది నిండినవారు భుజములు తీసిరి, ఇరువదియైదేండ్లవారు భుజములు పెట్టిరి, మందసము ఆగలేదు. చాలునని చెప్పగల మనస్సును ప్రభువు మనకు దయచేయును గాక.