బసను ఎవరి అడుగులతో కొలవాలి?

సెలవులు దగ్గర పడగానే మన ఇళ్ళలో ఢిల్లీ ప్రయాణం ప్రస్తావన మొదలవుతుంది. రైలు టిక్కెట్లు ముందే కొంటాము. చూడవలసిన కట్టడాల జాబితా పిల్లలే రాసి పెడతారు. బస విషయాన్ని మాత్రం అద్దె ఎక్కడ తక్కువైతే అక్కడ అని వదిలివేస్తాము. ఫలితంగా రెండవ రోజుకే దాదీ మోకాళ్ళ నొప్పులతో గదిలో ఉండిపోతుంది. ఆమెకు తోడుగా కోడలు కూడా ఆగిపోతుంది. అంత దూరం ప్రయాణించి ఆ ఇద్దరూ చూసేది హోటలు గోడలనే!

వెనుక వృద్ధులు, బలహీనులు ఉంటారన్న ఎరుకతో ఇమాము నమాజును తేలికగా చేయించాలని దైవప్రవక్త (స) ఆదేశించారు. కుటుంబాన్ని వెంటబెట్టుకొని వెళ్ళే పెద్దకు ఇందులో గొప్ప పాఠం ఉంది. ఇంట్లో అందరికన్నా నెమ్మదిగా నడిచేవారి అడుగులతోనే బసను కొలవాలి.

ఢిల్లీలో మనవాళ్ళు ఎక్కువగా దిగే ప్రాంతాలు మూడు.

జామా మసీదు పరిసరాలు: హలాల్ భోజనానికి వెతుక్కోనవసరం లేదు. ఎర్రకోట నడకదూరంలోనే ఉంది. మెట్రో వయొలెట్ లైనులో జామా మసీదు పేరుతోనే స్టేషను ఉంది. అయితే సందులు ఇరుకు, రద్దీ ఎక్కువ. కారు హోటలు గుమ్మం దాకా రావడం కష్టం. మసీదులోకి వెళ్ళడానికి ముప్పైకి పైగా మెట్లు ఎక్కాలి. నడవగలిగిన వారికి ఇది చక్కని చోటు.

పహాడ్‌గంజ్: తెలంగాణ ఎక్స్‌ప్రెస్ చేరే న్యూఢిల్లీ స్టేషనుకు ఆనుకొని ఉంది, చవక హోటళ్ళు అనేకం. కానీ విమానాశ్రయ మెట్రో, యెల్లో లైను మెట్రో స్టేషనుకు అవతల, అజ్మేరీ గేటు వైపున ఉన్నాయి. సామానుతో వంతెన దాటడం పెద్దలకు శ్రమ. పహాడ్‌గంజ్ వైపున బ్లూ లైనులోని రామకృష్ణ ఆశ్రమ మార్గ్ స్టేషను అందుబాటులో ఉంటుంది.

నిజాముద్దీన్: సికింద్రాబాద్ రాజధాని, దక్షిణ్ ఎక్స్‌ప్రెస్ హజ్రత్ నిజాముద్దీన్ స్టేషనుకే చేరుతాయి. ఆగ్రా వెళ్ళే గతిమాన్ ఎక్స్‌ప్రెస్ బయలుదేరేదీ అక్కడినుండే. హుమాయూన్ సమాధి సమీపంలోనే ఉంది. బస్తీలో హలాల్ భోజనం, మసీదులు దగ్గరే. ఈ రైళ్ళలో వచ్చే వృద్ధులున్న కుటుంబానికి మేము ముందుగా దీనినే సూచిస్తాము.

అద్దెలో రోజుకు 500 రూపాయలు మిగిలాయని సంతోషించేముందు ఒక లెక్క వేసుకోవాలి. ఆరుగురు ఒక ఆటోలో పట్టరు. దూరాన బస చేస్తే ప్రతిరోజూ రానూపోనూ రెండేసి ఆటోలు కావాలి. మిగిలిన సొమ్ము అక్కడే కరిగిపోతుంది, అలసట అదనం.

గది ఖాయం చేసేముందు ఫోనులో అడగవలసినవి ఇవి: లిఫ్టు ఉన్నదా? లేకుంటే గది ఏ అంతస్తులో ఇస్తారు? గదికి సొంత స్నానాలగది ఉన్నదా, అందులో కమోడ్ ఉన్నదా? కారు గుమ్మం దాకా వస్తుందా? తెల్లవారుజామున ఫజ్ర్‌కు బయటకు వెళ్ళడానికి తలుపు తీస్తారా?

రోజుల అమరికా ముఖ్యమే. ఎర్రకోటకు సోమవారం, తాజ్‌మహల్‌కు శుక్రవారం సెలవు. ఆగ్రాను మరో రోజుకు ఉంచుకుంటే జుమా నమాజును ఢిల్లీలో తీరికగా చేసుకోవచ్చు.

ప్రయాణికునికి నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండుగా తగ్గించి అల్లాహ్ సౌలభ్యం కలిగించాడు. మన చేతిలో ఉన్న సౌలభ్యాన్ని మన ఇంటి పెద్దలకు మనమూ కలిగించాలి. హోటలు ఎంపికకు కూర్చున్నప్పుడు మొదట దాదీనే అడగండి: "మీరు ఎంత దూరం నడవగలరు?"