ఇంటి నుంచే ఇంటర్ దాకా: ఉత్తర తెలంగాణ ఆడపిల్లకు కావలసిన బడి

పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఒకటే చర్చ: అమ్మాయిని ఇంటర్‌లో ఎక్కడ వేయాలి? కరీంనగర్, మంచిర్యాల, గోదావరిఖనిలో ఉన్నవారికి కాలేజీలు దగ్గరే. తిర్యాణి, కెరమెరి, నార్నూర్ వైపు మారుమూల గూడేల్లో చాలామందికి మిగిలేవి రెండే దారులు: హాస్టల్‌కు పంపడం, లేదంటే చదువు మాన్పించడం. చదువు మానిన ఇంట్లో పెళ్లి మాట రావడానికి ఎన్నాళ్లో పట్టదు. 2011 జనాభా లెక్కల నాటికి మహిళల అక్షరాస్యత ఉమ్మడి ఆదిలాబాద్‌లో 51 శాతం, ఉమ్మడి కరీంనగర్‌లో 55 శాతానికి కాస్త తక్కువ. ఆ తల్లుల కూతుళ్లే ఇప్పుడు ఇంటర్ గడప దగ్గర నిలబడ్డారు.

అమెరికాలో ఆంగ్లికన్ సంప్రదాయానికి చెందిన ఎపిస్కోపల్ చర్చి ఆడపిల్లల కోసం ప్రత్యేకంగా బడులు నడుపుతోంది. వాషింగ్టన్‌లో 1900లో మొదలైన నేషనల్ కెథెడ్రల్ స్కూల్ వాటిలో పేరున్నది. నాలుగో తరగతిలో చేరిన పిల్ల పన్నెండో తరగతి దాకా అక్కడే చదువుతుంది, సాయంత్రానికి ఇంటికి చేరుతుంది, నేరుగా విశ్వవిద్యాలయానికి వెళుతుంది. అక్కడ అది ఫీజు కట్టగలిగిన కుటుంబాల బడి. దాని కూర్పు మాత్రం మన పేదింటి పిల్లకే ఎక్కువ అవసరం: మధ్యలో బడి మారనక్కర లేదు, ఇల్లు విడవనక్కర లేదు, కాలేజీ చదువుకు కావలసిన తయారీ అంతా ఒకే చోట దొరుకుతుంది.

ఆ చర్చి సంప్రదాయం మనకు కొత్తది కాదు. తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ వి.ఎస్. అజరయ్య 1912లో దోర్నకల్ పీఠం చేపట్టారు. కరీంనగర్ ప్రాంతంలో పనిచేసినవారు వెస్లియన్ మెథడిస్టులు. 1947 సెప్టెంబరు 27న ఈ శాఖలు దక్షిణ ఇండియా సంఘంగా ఏకమయ్యాయి. 1978లో కరీంనగర్ ప్రత్యేక డయాసిస్ అయింది. నిజాం రాజ్యంలో పై చదువు ఉర్దూలో సాగుతున్న కాలంలో దళితవాడల పిల్లలకు తెలుగు అక్షరం దిద్దించిన ఘనత మిషన్ బడులది. హైదరాబాద్‌లోనే ఆడపిల్లలకు ఇంటర్మీడియట్ తరగతులు 1924లో, నాంపల్లిలో మొదలయ్యాయి. జిల్లాల సంగతి చెప్పేదేముంది!

స్వాతంత్ర్యం తర్వాత ప్రభుత్వం ఎంచుకున్న దారి గురుకులం. ఉమ్మడి కరీంనగర్ జిల్లా వంగరలో పెరిగిన పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో సర్వేల్‌లో తొలి గురుకులం మొదలైంది. 2004లో కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు వచ్చాయి. మొదట ఎనిమిదో తరగతితో ఆగిన వీటిని ఇంటర్ దాకా పెంచే అవకాశం 2018లో సమగ్ర శిక్షతో వచ్చింది. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ 2014లో పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కిందంటే దాని వెనుక ఉన్నది సాంఘిక సంక్షేమ గురుకులమే. ఆ మేలును తక్కువ చేయలేం. కానీ పదేళ్ల పిల్లను అమ్మకు దూరం చేస్తే తప్ప మంచి చదువు దొరకదన్న పరిస్థితిని న్యాయమని ఒప్పుకోలేం.

బడినే పిల్లల దగ్గరికి తీసుకెళ్లవచ్చని ఆదిలాబాద్ అడవి ఎనభై ఏళ్ల కిందటే చూపింది. కుమురం భీం పోరాటం తర్వాత గోండుల మధ్యకు వచ్చిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ చొరవతో 1943లో మార్లవాయిలో గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. వాళ్లు గూడేలకు వెళ్లి సొంత భాషలో పాఠం చెప్పారు.

ఈ కాలానికి తగిన నమూనా మోడల్ స్కూలు. వెనుకబడిన మండలాల్లో 2013లో మొదలైన ఈ బడులు తెలంగాణలో 194 ఉన్నాయి. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఇంగ్లీషు మీడియంలో ఒకే ప్రాంగణంలో చదువు. దూరం నుంచి వచ్చే వంద మంది అమ్మాయిలకు పక్కనే హాస్టల్ ఉండాలన్నది పథకం. కేంద్రం 2015లో ఈ పథకం నుంచి తప్పుకుంది. భారం రాష్ట్రం మీద పడింది. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. బడి ఉంది, ఉచిత ప్రయాణం ఉంది. బడి వేళకు బస్సు రాకపోతే మాత్రం రెండూ వృథా.

చర్చి బాధ్యత కూడా ఉంది. మైనారిటీ విద్యాసంస్థలకు విద్యాహక్కు చట్టంలోని 25 శాతం పేద పిల్లల సీట్ల నిబంధన వర్తించదని 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. చట్టం బలవంతపెట్టకపోయినా, పేదవాడలోనే పుట్టిన సంఘం ఆ వాడ పిల్లకు సీటు ఇవ్వడం దాని ధర్మం.

చేయవలసింది స్పష్టం. ఆర్టీసీ డిపోలు బడి గంటను చూసి బస్సు వేళలు పెట్టాలి. మోడల్ స్కూళ్లలో భౌతిక, రసాయన, గణిత శాస్త్రాల అధ్యాపక పోస్టులు ఒక్కటీ ఖాళీగా ఉంచకూడదు. పదో తరగతితో ఆగిపోయే చర్చి బాలికల బడులు ఇంటర్ తరగతులు తెరవాలి, ప్రభుత్వం అనుమతి ఇవ్వడంలో జాప్యం చేయకూడదు. హాస్టల్ కావాలన్న పిల్లకు హాస్టల్ ఉండాలి. ఇంట్లో ఉండి చదువుతానన్న పిల్లకు దగ్గరలో బడి ఉండాలి. ఆ ఎంపిక ఆమెకు దక్కేలా చూడటం ప్రభుత్వ విధి.